చోడిపిండి (రాగిపిండి), అటుకులు, జీడిపప్పుకి రీసైకిల్ అయ్యే కవర్లోకి మారొచ్చా? మారితే సరుకు నిలుస్తుందా?

గుణుపురం నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది, నాకు అర్థమైనంత వరకు మళ్ళీ రాస్తున్నాను. వాళ్ళ మహిళా సంఘం చోడిపిండి అరకిలో, కిలో ప్యాకెట్లు, అటుకులు, వేయించిన జీడిపప్పు చిన్న ప్యాకెట్లు కడుతోంది. పిండికీ అటుకులకీ ఇప్పుడు వాడేది పెట్-పాలీ పౌచ్ (పెట్ అంటే నీళ్ళ సీసాల ప్లాస్టిక్, పాలీ అంటే పాలిథిన్), జీడిపప్పుకి లోపల వెండిరంగు ఉన్న పౌచ్. భువనేశ్వర్‌లో సరుకు తీసుకునే షాపు వాళ్ళు వచ్చే ఆర్డర్ నుంచి రీసైకిల్ అయ్యే కవర్లోనే పంపమన్నారు. సరుకు పాడవుద్దా, మెషిన్ మార్చాలా, రేటు ఎంత పెరుగుద్ది, అసలు ఆ కవర్ నిజంగా రీసైకిల్ అవుద్దా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. చోడిపిండికి, అటుకులకి ధైర్యంగా మారిపోండి. జీడిపప్పుకి మాత్రం ఇప్పుడే మారకండి, బ్యారియర్ ఉన్న, అంటే గాలిని ఆపే పొర ఉన్న ఫిల్మ్ దొరికి, మూడు నెలలు నిలవ పెట్టి చూశాకే మారండి. కొత్త మెషిన్ అక్కర్లేదు, ఉన్నదాన్ని కొంచెం సర్దుకోవాలి. అసలు కష్టం ఫిల్మ్‌లో ఉండదు, సీల్‌లో ఉంటుంది.

నేను పర్లాకిమిడిలో పందొమ్మిదేళ్ళ నుంచి ప్యాకింగ్ చేస్తున్నాను, సొంత సరుకూ కడతాను, చుట్టుపక్కల సంఘాల వాళ్ళు తెచ్చే చోళ్ళూ, పప్పులూ, పసుపూ కూడా కట్టిస్తాను. నాలుగేళ్ళ నుంచి ఈ ఒకే రకం ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పని చేస్తున్నాను, అందులో రెండు సార్లు గట్టిగా దెబ్బ తిన్నాను. ఆ రెండూ కింద చెప్తాను, మీరు తినకుండా ఉంటే అంతే చాలు.

ముందు ఇప్పుడు వాడే పౌచ్ ఎందుకు రీసైకిల్ అవదో చూద్దాం. బయట మెరుస్తూ అచ్చు కనపడేది 12 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పెట్, లోపల మెత్తగా ఉండేది 50 మైక్రాన్ పాలీ, ఈ రెండిటినీ జిగురుతో అంటిస్తారు. పాలీ 110-125 డిగ్రీల మధ్య కరిగిపోద్ది, పెట్ కరగాలంటే 250 దాటాలి. రెండూ ఒకే మెషిన్లో వేస్తే పాలీ మాడిపోయే వేడికి గానీ పెట్ కరగదు, కరిగినా ఒకదాంట్లో ఒకటి కలవవు, నూనే నీళ్ళలాగ. విడదీద్దామంటే జిగురు వదలదు. మీ జీడిపప్పు పౌచ్‌లో మధ్యలో ఇంకో మెటలైజ్డ్ పెట్ పొర (పల్చటి అల్యూమినియం పూత ఉన్నది) కూడా ఉండి ఉంటుంది, అది ఇంకా కష్టం. అదే పాల ప్యాకెట్టు చూడండి, మొత్తం పాలీయే, అందుకే తుక్కు కొట్టువాడు దాన్ని ఆనందంగా తీసుకుంటాడు. మనం చెయ్యాల్సింది కూడా అదే, పౌచ్ మొత్తం ఒకే జాతి ప్లాస్టిక్ చెయ్యడం.

మన దగ్గర దొరికేవి రెండు దారులు. ఒకటి మొత్తం పాలీ, అంటే బయట సాగదీసి గట్టిపరిచిన పాలీ (సప్లయర్లు ఎండీఓ పీఈ అంటారు, కొందరు బీఓపీఈ ఇస్తారు), లోపల మామూలు సీల్ అయ్యే పాలీ. రెండోది మొత్తం పీపీ (పాలీప్రొపిలీన్), అంటే బయట బీఓపీపీ అనే సాగదీసిన పీపీ, లోపల సీపీపీ అనే సాగదీయని, సీల్ అయ్యే పీపీ. ఈ రెండోది కొత్తదేం కాదు, బేకరీ సరుకుకీ చిప్స్‌కీ ఎప్పటి నుంచో వాడుతున్నదే.

ఇక్కడ ఒక మోసం జరుగుతోంది, తెలిసి చేసినా తెలియక చేసినా నష్టం మనకే. బయట బీఓపీపీ, లోపల పాలీ ఉన్న రోల్ ఇచ్చి ఇది రీసైకిల్ అవుద్దని చెప్తారు. పీపీ వేరు, పాలీ వేరు. రెండూ దగ్గర చుట్టాలే గానీ ఒకటి కాదు. సప్లయర్‌ని "బయటి పొర ఏంటి, లోపలి పొర ఏంటి, ఒక్కోటి ఎన్ని మైక్రాన్లు, మొత్తం జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు) ఎంత" అని కాగితం మీద రాయించుకోండి. రాసి ఇవ్వనివాడి దగ్గర కొనకండి.

ఇంకోటి, ఈమధ్య సంఘాల వాళ్ళందరూ గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ పౌచ్‌లకి మారుతున్నారు, పర్యావరణానికి మంచిదని. మంచి మనసుతోనే చేస్తున్నారు, కానీ లోపల పాలీ పూత ఉంటుంది, కొన్నిటికి వెండిపొర కూడా ఉంటుంది. కాగితం కొనేవాడూ తీసుకోడు, ప్లాస్టిక్ కొనేవాడూ తీసుకోడు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల ఈపీఆర్ నిబంధనల్లో (ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదే అనే నిబంధనలు) కూడా ప్లాస్టిక్‌కి వేరే పదార్థం అతికిన ప్యాకింగ్‌ని మూడో కేటగిరీలో పెట్టారు, ఒట్టి ప్లాస్టిక్ పొరలున్న మెత్తని ప్యాకింగ్ రెండో కేటగిరీలో ఉంటుంది. మీరు పెట్-పాలీ నుంచి క్రాఫ్ట్‌కి వెళ్తే ముందుకి కాదు, వెనక్కి వెళ్ళినట్టు.

ఇప్పుడు సరుకు సంగతి. ఫిల్మ్ పేరు చూసి కాదు, మీ సరుకుని పాడుచేసేది ఏంటో చూసి ఎంచుకోవాలి. పొడి సరుకుకి శత్రువులు రెండే, తేమా గాలీ. చాలామంది బయట మెరిసే పెట్ వల్లే సరుకు కరకరలాడుతూ ఉంటుంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి తేమని ఆపేది లోపలి పాలీ. 38 డిగ్రీల వేడి, 90 శాతం తేమ దగ్గర పరీక్ష పెడితే 12 మైక్రాన్ పెట్ ఒక్కదాంట్లోంచి చదరపు మీటరుకి రోజుకి 40 గ్రాముల దరిదాపు ఆవిరి దూరిపోద్ది, 50 మైక్రాన్ పాలీ దాన్ని పది లోపే ఆపేస్తుంది. కాబట్టి పెట్ తీసేసి దాని చోట గట్టి పాలీ పొర పెడితే తేమ విషయంలో మీకు నష్టం కాదు కదా, కొంచెం లాభమే.

గాలి విషయంలో మొత్తం తిరగబడుద్ది. ఆక్సిజన్‌ని పెట్ బాగా ఆపుద్ది, చదరపు మీటరుకి రోజుకి వంద సీసీ చిల్లర మాత్రమే వెళ్తుంది, పాలీలోంచి మూడు వేల సీసీ పైమాటే. మెటలైజ్డ్ పెట్ అయితే ఒకటీ రెండు సీసీల దగ్గర ఆపేస్తుంది. ఇప్పుడు మీ మూడు సరుకులూ వరసగా చూడండి. అటుకులకి గాలితో పెద్ద పేచీ లేదు, తేమ తగిలితే మెత్తబడతాయి. చోళ్ళలో కొవ్వు ఒకటిన్నర శాతం దరిదాపే, అందుకే చోడిపిండి గంటిపిండిలాగ (సజ్జపిండిలాగ) తొందరగా చేదెక్కదు (గంటెల్లో కొవ్వు ఐదు శాతం దాకా ఉంటుంది, ఆ పిండి ఏ కవర్లో కట్టినా నెలన్నర మించి నేను ఒప్పుకోను). జీడిపప్పులో దగ్గరదగ్గర సగం కొవ్వే, పైగా వేయించింది. దానికి గాలే యముడు.

నా మొదటి దెబ్బ ఆ జీడిపప్పు దగ్గరే. అప్పటికి చోడిపిండి బాగా నిలిచిందని హుషారొచ్చి, పలాస నుంచి జీడిపప్పు గుళ్ళు తెప్పించి వేయించి, ఉప్పూ మిరియం పట్టించి, నూరు గ్రాముల ప్యాకెట్లు ఒట్టి పాలీ పౌచ్‌లోనే కట్టించాను. నెలరోజులు బాగుంది. తొమ్మిదో వారంలో బరంపురం షాపు నుంచి ఫోన్ వచ్చింది, ప్యాకెట్ విప్పితే పాత నూనె వాసన వస్తోందని. నా దగ్గర దాచిన ప్యాకెట్ విప్పి చూశాను, పప్పు కరకరలాడుతూనే ఉంది, తేమ ఎక్కడా లేదు, కానీ నోట్లో వేసుకుంటే కనరు. కవర్ తన పని తాను చేసింది, నేనే దానికి చేతకాని పని అప్పజెప్పాను. మొత్తం సరుకు వెనక్కి తెప్పించుకున్నాను.

జీడిపప్పుకి రీసైకిల్ అయ్యే దారి లేదని కాదు. బీఓపీపీకి మెటలైజ్డ్ బీఓపీపీ అతికించింది ఒకటి, మొత్తం పీపీయే కాబట్టి ఒకే జాతి కిందికి వస్తుంది, చిప్స్ కంపెనీలు వాడే దారి. కానీ వెండిరంగు కనపడితే మన ఊరి తుక్కు కొట్టులో తీసుకోరు, అది మీరు ఒప్పుకోవాలి. రెండోది పాలీ పొరల మధ్యలో ఈవీఓహెచ్ అనే పల్చటి పొర పెట్టిన ఫిల్మ్. మొత్తం బరువులో ఐదు శాతం మించకపోతే పాలీతో పాటు రీసైకిల్‌కి పర్వాలేదని యూరప్ వాళ్ళ రీసైక్లాస్ లాంటి సంస్థల డిజైన్ గైడ్లు ఒప్పుకుంటాయి. ఆక్సిజన్‌ని బ్రహ్మాండంగా ఆపుద్ది, కానీ తడి తగిలితే దాని బలం తగ్గిపోద్ది, మన వైపు శ్రావణం భాద్రపదాల్లో గోడలే చెమ్మగిల్లుతాయి కదా, అందుకని అది రెండు వైపులా మందమైన పాలీ మధ్య ఉందా అని తప్పకుండా అడగండి. దేనికైనా నత్రజని నింపి కట్టాలి. నత్రజని సిలిండర్ లేకపోతే జీడిపప్పుని ఇప్పుడున్న పౌచ్‌లోనే ఉంచి, షాపు వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి: పిండీ అటుకులూ ఈ ఆర్డర్ నుంచి మారుస్తాం, జీడిపప్పు పరీక్ష అయ్యాక మారుస్తాం అని. పద్ధతి తెలిసిన షాపు ఒప్పుకుంటుంది. పప్పు కనరెక్కి పారబోస్తే, ఆ పప్పు పండించడానికీ వేయించడానికీ పోయిన కష్టం ముందు కవర్ ఎంత.

ఇక రెండో దెబ్బ, సీల్. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మారినవాళ్ళలో పదిమందిలో ఎనిమిదిమంది ఇక్కడే ఆగిపోయి, ఫిల్మ్ మంచిది కాదని మళ్ళీ పాతదానికి వెళ్ళిపోయారు.

2022 వానాకాలం, అటుకుల ప్యాకెట్లు నాలుగు వందలు రాయగడ పంపాను, కొత్త పాలీ పౌచ్‌లో. మూడు వారాలకి మెత్తబడిపోయాయని తిరిగొచ్చాయి. ఫిల్మ్ సప్లయర్‌కి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. ఆయన శాంతంగా "బకెట్‌లో ముంచారా" అని అడిగాడు. నేను ముంచలేదు. ఆ సాయంత్రం నీళ్ళ బకెట్ పెట్టుకుని, ఒక్కో ప్యాకెట్ నీళ్ళల్లోకి నొక్కి పట్టి రెండు చేతులతో మెల్లగా పిండాను. సీల్ మధ్యలో ఏం లేదు. మూల దగ్గర, పక్క మడత నాలుగు పొరలుగా ఉండి రెండు పొరలుగా మారే ఆ చోట, సూదిమొన అంత బుడగ, ఒకదాని వెనక ఒకటి, వరసగా. పది ప్యాకెట్లలో ఏడింటికి అదే మూల. తేమ అంతా ఫిల్మ్‌లోంచి కాదు, ఆ సూది బెజ్జంలోంచి పోయింది.

ఎందుకలా అయ్యిందంటే, పెట్ బయట ఉన్నప్పుడు మన బ్యాండ్ సీలర్ (నడిచే బెల్ట్ మీద కవర్ మూతిని వేడితో అతికించే మెషిన్) డయల్ 185లో పెట్టినా, 200లో పెట్టినా బయటి పొరకి ఏం కాదు, లోపలి పాలీ మాత్రం కరిగి అతుక్కుంటుంది. అంత వెసులుబాటు ఉండేసరికి మనందరికీ అలవాటు చెడిపోయింది, వేడి ఎక్కువ పెట్టి బెల్ట్ స్పీడ్‌గా తిప్పేస్తాం. పాలీయే బయటా లోపలా ఉంటే ఆ వెసులుబాటు పోద్ది. వేడి కొంచెం ఎక్కువైతే బయటి పొర ముడుచుకుని బెల్ట్‌కి అంటుకుంటుంది, తక్కువైతే మడత దగ్గర లోపలి పొర దాకా వేడి చేరదు. మధ్యలో పది పదిహేను డిగ్రీలే చోటు.

నేను చేసినవి ఇవి. డయల్ 185 నుంచి 148కి దించాను (ఇది నా మెషిన్ లెక్క, మీది వేరుగా ఉంటుంది, 130 నుంచి మొదలుపెట్టి ఐదేసి డిగ్రీలు పెంచుతూ ఒక్కోదాని దగ్గర పది ప్యాకెట్లు బకెట్‌లో ముంచి చూసుకోండి). బెల్ట్ స్పీడ్ మూడో వంతు తగ్గించాను. నొక్కే రోలర్ స్ప్రింగ్ బిగించాను. హీటర్ తర్వాత చల్లార్చే బ్లాక్ ఉంటుంది కదా, దాని ఫ్యాన్ ఎన్నాళ్ళ నుంచో తిరగట్లేదు, ఎవరూ చూడలేదు, అది బాగు చేయించాను. పాలీ సీల్ వేడిగా ఉన్నప్పుడు మెత్తగా సాగుతుంది, కిలో పిండి బరువు కింద వేలాడితే ఆ వేడి సీల్ సాగి విడిపోద్ది, కాబట్టి కన్వేయర్ పళ్ళెం ఎత్తు పెంచి ప్యాకెట్ అడుగు దాని మీద ఆనేలా చూసుకోండి. ఇంత చిన్న విషయానికి నేను రెండు నెలలు తిరిగాను.

ఇంకోటి కరెంటు. వానాకాలం మన దగ్గర ఓల్టేజి ఎలా ఊగుద్దో మీకు చెప్పక్కర్లేదు. పాత ఫిల్మ్‌కి ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా తెలిసేది కాదు, కొత్తదానికి వెంటనే తెలుస్తుంది. పాత థర్మోస్టాట్ తీసేసి వేడిని ఒకేలా పట్టి ఉంచే పీఐడీ కంట్రోలర్ పెట్టించండి, దానికి ముందు స్టెబిలైజర్. కొత్త మెషిన్ ఖర్చులో ఇది పిసరంత.

పిండికి ఇంకో బాధ ఉంది, సీల్ పడే చోట పిండి దుమ్ము. పాలీకి స్టాటిక్ (దుమ్ముని లాక్కునే కరెంటు) ఎక్కువ, చోడిపిండి మెత్తటిది, పౌచ్ మూతి లోపల ఎర్రటి పొడర్‌లా పట్టేస్తుంది, దాని మీద సీల్ వేస్తే పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, రెండు రోజులకి ఊడుద్ది. మా దగ్గర ఒక అమ్మాయి దీనికి దారి చూపించింది, పొడుగు మూతి ఉన్న స్టీలు గరాటు చేయించి, పౌచ్ సగం లోతు దాకా దింపి పోస్తుంది, గరాటు బయటికి తీసే ముందు ఒక్కసారి బల్లకేసి తడుతుంది, పిండి అంతా కిందకి దిగిపోయాక అప్పుడు పైకి లాగుతుంది. మూతి శుభ్రంగా ఉంటుంది. సప్లయర్‌ని లోపలి పొరలో మెటలోసీన్ పాలీ ఉన్న గ్రేడ్ ఇమ్మని అడగండి, అది తక్కువ వేడికే అతుక్కుంటుంది, కొంచెం దుమ్ము ఉన్నా పట్టుకుంటుంది.

మీ దగ్గర చిన్న ఆటోమేటిక్ మెషిన్ ఉందన్నారు. దానికి రోల్ బ్రేక్ వదులు చెయ్యండి, పాలీ లాగితే సాగుద్ది, సాగితే ప్రింట్ మీద ఉండే ఐమార్క్ (ఎక్కడ కొయ్యాలో మెషిన్‌కి చూపే గుర్తు) జరిగిపోయి కటింగ్ మీ పేరు మధ్యలో పడుద్ది. సీల్ నొక్కే జాలకి (దవడలకి) టెఫ్లాన్ గుడ్డ కొత్తది వెయ్యండి. స్పీడ్ మొదటి నెల తగ్గుద్ది, అందుకు సిద్ధంగా ఉండండి. స్పీడ్ తగ్గకూడదు అనుకుంటే అటుకుల వరకు బీఓపీపీ-సీపీపీ తీసుకోండి, అది బిర్రుగా ఉంటుంది, మెషిన్ మీద పాలీ కంటే బాగా నడుస్తుంది. కానీ జిప్ ఉన్న పౌచ్ కావాలంటే జిప్ ఏ ప్లాస్టిక్‌దో అడగండి, సాధారణంగా జిప్ పాలీదే ఉంటుంది, పాలీ పౌచ్‌కి సరే, పీపీ పౌచ్‌కి వేస్తే మళ్ళీ రెండు జాతులు కలిసినట్టే.

పురుగు సంగతి కూడా చెప్పాలి, ఎవరూ చెప్పరు. పలచటి పాలీని పెంకుపురుగు కొరికి లోపలికి పోగలదు, పెట్ అంత తేలిగ్గా లొంగదు. చోళ్ళు, బియ్యం, పప్పులు పాలీలోకి మార్చేటప్పుడు సరుకు బాగా ఎండబెట్టి, పిండి అయితే చోళ్ళు శుభ్రం చేసి కొంచెం వేయించి ఆడించి, గోదాంలో పాత బస్తాలు పక్కన లేకుండా చూసుకోవాలి. మొత్తం మందం 75 మైక్రాన్లకి తగ్గకుండా నేను తీసుకుంటాను.

రేటు దగ్గరికి వద్దాం. కిలో రేటు చూడకండి, కిలోకి ఎన్ని పౌచ్‌లు వస్తాయో చూడండి. ఉదాహరణకి 18 బై 26 సెంటీమీటర్ల అరకిలో పౌచ్, ముందూ వెనకా కలిపితే 936 చదరపు సెంటీమీటర్లు. పాత పెట్-పాలీ చదరపు మీటరుకి 65 గ్రాములు అనుకుంటే ఒక్కో పౌచ్ ఆరు గ్రాములు, కిలోకి 164 వస్తాయి. కొత్త పాలీ ఫిల్మ్ 72 గ్రాములు ఉంటే కిలోకి 148 మాత్రమే. అంటే కిలో రేటు ఒకటే అయినా మీకు పదో వంతు ఎక్కువ పడినట్టు. దాని మీద కిలో రేటు తేడా ఎంతుంటే అంత అదనం. ఇది లెక్కేసి షాపు వాళ్ళకి చూపించండి, అడిగింది వాళ్ళే కాబట్టి పంచుకోవాలి, మా కొనుగోలుదారుల్లో ఇద్దరు పంచుకున్నారు, ఒకరు పంచుకోలేదు.

మొదటి ఆర్డరే అచ్చు సిలిండర్లు చేయించి ప్రింట్ వేయించకండి. రంగుకో సిలిండర్, పైగా వందల కిలోలు ఒకేసారి తీసుకోమంటారు. ముందు ప్రింట్ లేని పౌచ్‌లు తెప్పించి స్టిక్కర్ వెయ్యండి, స్టిక్కర్ కూడా కాగితంది కాకుండా అదే జాతి ప్లాస్టిక్‌ది, చిన్నది. పౌచ్‌లు రాగానే రెండు తీసుకుని మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే మూత తీసి వాసన చూడండి. సిరా, జిగురు వాసన ఘాటుగా వస్తే ఆ లాట్ వాడొద్దు, జిగురు ఆరకముందే పంపేసినట్టు. పిండి ఆ వాసనని పీల్చేసుకుంటుంది.

నిలవ పరీక్షకి ల్యాబ్ లేకపోయినా పర్వాలేదు. వంద గ్రాముల ఎండిన సిలికా జెల్ పాత కవర్లో ఒకటి, కొత్త కవర్లో ఒకటి సీల్ చేసి, సరుకు ఉండే గదిలోనే పెట్టి, వారానికోసారి 0.1 గ్రాము చూపించే త్రాసు మీద తూచి రాసుకోండి. ఏది ఎక్కువ బరువు పెరిగితే దాంట్లోకి ఎక్కువ తేమ పోతున్నట్టు. వానాకాలంలో నాలుగు వారాలు చాలు. ఆ సిలికా మళ్ళీ తిండి సామాన్లలో కలవకుండా చూసుకోండి. కాగితం మీద రిపోర్టు కావాలంటే భువనేశ్వర్‌లో సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థ) ఉంది. సప్లయర్ దగ్గర నుంచి మాత్రం ఫుడ్ గ్రేడ్ కాగితం తప్పనిసరి, పాలీకి ఐఎస్ 10146, పీపీకి ఐఎస్ 10910, మైగ్రేషన్ (కవర్లోంచి తిండిలోకి దిగేది) కిలోకి 60 మిల్లీగ్రాముల లోపు ఉందని.

దీంతో పాటు ఒక మాట. రీసైకిల్ అయ్యే కవర్ వేరు, రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో చేసిన కవర్ వేరు. రెండోది చవగ్గా ఇస్తామని వస్తారు, పిండికి తగిలే పౌచ్‌కి వద్దు. తిండికి తగిలే పొర కొత్త పాలీయే ఉండాలి.

చట్టం మిమ్మల్ని నేరుగా బలవంతం చెయ్యట్లేదు. ఈపీఆర్ బాధ్యత నుంచి మైక్రో, స్మాల్ బ్రాండ్ యజమానులని వదిలేశారు, 2025 ఏప్రిల్ 1 నుంచి స్మాల్ అంటే వంద కోట్ల టర్నోవర్ దాకా, కాబట్టి మన సంఘాలన్నీ అందులోనే. అయినా కవర్ వెనక రీసైకిల్ గుర్తూ, అందులో అంకే సరిగ్గా వేయించండి: పీపీకి 5, మామూలు పాలీకి 4, కలిసిన పొరలకి 7. పెట్-పాలీ మీద 4 వేసి అమ్మేవాళ్ళని చూశాను, అది తప్పు. "నూరు శాతం పర్యావరణ హితం" లాంటి మాటలు రాయకండి, 2024 అక్టోబర్‌లో వినియోగదారుల రక్షణ సంస్థ అలాంటి ప్రకటనలకి రుజువు ఉండాలని మార్గదర్శకాలు పెట్టింది. "మొత్తం పాలీ, పాల కవర్లతో కలిపి ఇవ్వండి" అని ఒడియాలో, తెలుగులో చిన్న అక్షరాల్లో వేస్తే చాలు. నేను అలాగే వేయిస్తున్నాను.

ఆఖరి ప్రశ్న, నిజంగా రీసైకిల్ అవుద్దా. దీనికి నేను మా ఊరి తుక్కు కొట్టుకి వెళ్ళి అడిగాను. అక్కడ పెద్దాయన కవర్ల మీద రాసింది ఏదీ చదవడు. గోనెలోంచి కవర్ తీసి చెవి దగ్గర పెట్టుకుని నలుపుతాడు. గలగలమంటే అటు పారేస్తాడు, చప్పుడు లేకుండా మెత్తగా నలిగితే ఇటు వేస్తాడు. అంత వేగంగా చేస్తాడు, నిమిషానికి ముప్పై నలభై. నా పాలీ పౌచ్ ఇచ్చాను, బయటి పొర సాగదీసిన పాలీ కదా, గలగలమంది, పారేసే కుప్పలోకి పోయింది. నాకు చాలా బాధేసింది. ఏరుకుని మళ్ళీ ఆయన చేతిలో పెట్టి, రెండు వేళ్ళతో లాగి చూడమన్నాను. పెట్ కవర్ సాగదు, కాగితంలా చిరుగుద్ది, ఇది లోపలి పొర సాగి తెల్లబారింది. ఆయన రెండు మూడు సార్లు లాగి చూసి, ఒక గోనె నింపి తెమ్మన్నాడు, తన దగ్గర కొనేవాడికి చూపిస్తానని. (నీళ్ళలో వేస్తే తేలేది పాలీ, మునిగేది పెట్ అని చెప్తారు, పొరలు అంటించిన వాటికి అది నమ్మొద్దు, పెట్-పాలీ రెండూ కలిసి నీళ్ళ బరువుకి దగ్గరగా వస్తాయి, ఒకసారి తేలుద్ది, ఒకసారి మునుగుద్ది.)

అప్పటి నుంచి మా యూనిట్‌లో పాడైన పౌచ్‌లు, కటింగ్ ముక్కలు, షాపుల నుంచి తిరిగొచ్చిన ఖాళీ కవర్లు విడిగా గోనెల్లో కట్టి ఇస్తున్నాను, తీసుకుంటున్నాడు, ప్రింట్ ఉన్నందుకు పాల కవర్ల కంటే తక్కువ రేటుకి. ఇళ్ళల్లో వాడి పారేసినవి మాత్రం చాలా వరకు ఇంకా చెత్తలోకే పోతున్నాయి. మీ షాపు వాళ్ళు అడిగితే ఇదే చెప్పండి: కవర్ రీసైకిల్‌కి పనికొచ్చేదే, వెనక్కి ఇచ్చేవాళ్ళుంటే అవుద్ది. భువనేశ్వర్ షాపు వాళ్ళే ఖాళీ కవర్లకి కౌంటర్ దగ్గర ఒక డబ్బా పెడితే, మీ సరుకు తెచ్చే బండిలోనే తిరిగి రావచ్చు. అడిగి చూడండి, నేను ఒక షాపుని ఒప్పించాను.

మీరు శాంపిల్ పౌచ్‌లు తెప్పించాక ఒక ఇరవై ప్యాకెట్లు కట్టి బకెట్‌లో ముంచండి. బుడగ వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో (మూల, మడత, సీల్ మధ్య, లేక కింద), అప్పుడు డయల్ ఎంతలో ఉందో ఇక్కడే రాయండి. బుడగ వచ్చిన చోటుని బట్టి ఏది సర్దాలో చెప్తాను.